నవ్వొస్తే మోకాళ్లు జారేటోడు

గద్వాల చీర ఒక్కరితోని అయ్యేది కాదు. నడుమంతా నూలు, అంచుకు పట్టు. నేను అడ్డం పోగు నడిపే నాడెను నడుమంతా వేస్త, పక్కన కూసొని నా భార్య అంచు నాడె వేస్తది. రెండు పోగులు ఒకదాన్నొకటి మెలేసుకుంటేనే అంచు చీరను పట్టుకుంటది. ఒకరు కునికితే ఆడ సందు పడుతది. ఆ సందుల చిటికెన వేలు పెట్టి, నూలిచ్చి చీర తీసుకునే సావుకారి నలుగురికీ చూపిస్తడు.

తొంభైలల్ల నాకు ఆ కునుకు పట్టుకున్నది. రాత్రంతా పండుకున్నా సరే, పొద్దుగాల మగ్గం గుంతల కాళ్లు పెట్టంగనే కండ్లు మూతలు పడేటివి. అంతకంటే పాడు సంగతి ఇంకోటి. నేను నోరు ఊకుండని మనిషిని. మా గల్లీల నా మాటకు నవ్వనోడు లేడు. కానీ నాకు నవ్వొచ్చిందంటే మోకాళ్లు జారేవి, దవడ వేలాడేది, చేతుల నాడె కింద పడేది. అన్నీ వినబడతయి, లేవరాదు. చూసినోళ్లు కల్లు అన్నరు. నా భార్య నా నోరు వాసన చూసేది. వాసన రాకపోతే ఇంకా అనుమానం.

"వాసన రానిది ఏం తాగినవు? జర నాకూ చెప్పు."

సావుకారి ఆఖరి మాట చెప్పిండు. ఇంకొక్క చీరకు సందు పడితే మగ్గం వేరేటోళ్లకు పోతది. మగ్గం ఆయనది, గుంత ఒక్కటే మాది.

గద్వాల దవాఖానల రక్తం తక్కువన్నరు. కర్నూల్ల మూర్ఛ అన్నరు, మళ్ల కాదన్నరు. నిద్రను పరీక్ష చేసే గది పట్నంల ఉన్నదని పంపిండ్రు. రైలుల నేను పండుకొనే పోయిన, ఆమె కూసొనే వచ్చింది.

ఆడ ఒక రాత్రి పండబెట్టి చూసిండ్రు. తెల్లారినంక పగలు కూడా మాటిమాటికి పండుకోమన్నరు. నన్ను నిద్రపొమ్మని ఒకరు చెప్పుడు నా బతుకుల అదే మొదలు. తలకు జిగురు పూసి వైర్లు అతికిచ్చిండ్రు. పక్కన యంత్రం కాయితం మీద గీతలు గీస్తున్నది.

సగం నిద్రల కండ్లు తెరిస్తే మొకం మీద వేలాడే వైర్లు మగ్గం మీద తెగిన పడుగు పోగుల లెక్క కనబడ్డయి. పోగు తెగితే నేతోని వేళ్లు ఊకుంటయా? రెండు పీకిన, నాలుకకు అద్దిన, మెలేసిన.

యంత్రం పిచ్చి గీతలు గీసింది. పరీక్ష చేసే అమ్మాయి ఉరికొచ్చింది.

"ఏం చేస్తున్రన్నా?"

"తెగినయమ్మా, అతుకుతున్న."

డాక్టరొచ్చిండు. మూలకు కూసున్న నా భార్య లేచి ఆ మెలిక చూసి, "అతుకైతే మంచిగనే పడ్డది సారూ" అన్నది. డాక్టరు నవ్విండు. నేను మంచం అంచుకు కూసొని, "జరీ కూడా వేయమంటరా?" అన్న. నాకూ నవ్వొచ్చింది. తల వాలింది, కాళ్లు జారినయి, నేల మీద కుప్పపడ్డ.

"గిదే సారూ. గిట్లనే అయితది" అన్నది నా భార్య.

డాక్టరు నవ్వు ఆపిండు. పక్కన కూసొని చిన్న సుత్తెతోని నా మోకాలు కొట్టిండు. కాలు ఎగరలే. కొంచెంసేపటికి నేను లేచినంక మళ్ల కొట్టిండు. ఎగిరింది.

"అమ్మా, ఇది తాగుడు కాదు, బద్ధకం కాదు. నిద్రల ఒళ్లు సడలినట్టు ఈయనకు నవ్వొస్తే మెలకువలనే సడలుతది. రోగం మొత్తానికి పోదు. మందులేసుకొని, పగలు వేళకు ఒక కునుకు తీస్తే పని చేసుకోవచ్చు."

"మగ్గం నేయొచ్చునా?"

"నేయొచ్చు."

ఆమె నా తలల జిగురు కొంగుతోని తుడుసుకుంట కూసున్నది.

ఇంటికొచ్చినంక రోజూ పొద్దు నడినెత్తికి రాకముందే తన నాడె పక్కకు పెట్టి, "పో, పండుకో" అనేది. గల్లీల అన్ని మగ్గాలు ఆడుతుంటే మాదొక్కటి ఊకుండేది. మందుకు నోరు ఎండేది. గుంతల ఉన్నంతసేపు మాటలు బంద్. ఎదురింటాయన తలుపుల నిలబడి ఏదన్న నవ్వే మాట చెప్పమంటే, "ఇయ్యాల కాదు బావా" అని ఆమెనే పంపిచ్చేది.

మగ్గం మీదికెళ్లి చీర దిగింది. సావుకారి విప్పి ఈ కొన నుంచి ఆ కొన దాకా అంచు మీద వేలు నడిపిండు.

"సందు దొరికిందా మామా?" అని నా భార్య అడిగింది.

"దొరకలే."

ఇంకో పడుగు తీసి ఆమె చేతుల పెట్టిండు. "నిన్ను చూసి ఇస్తున్న. ఆయనను చూసి కాదు" అన్నడు. నాకు నవ్వే మాటొకటి నోటిదాకా వచ్చింది. అది అంటే నాకే నవ్వొస్తది, నవ్వొస్తే ఆయన ముందరనే పడుత. మింగిన.