ఆఖరి ఊ

ఖాలా పోయిందన్న కబురు నాకు మంచిర్యాలలో అందింది. మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు కుడుతున్నాను. ఫోన్ చేసింది మా అవ్వ. మా దిక్కు అవ్వ అంటే అమ్మ. ఇలాంటి కబురు వచ్చినప్పుడు ముందు ఏడుపు వినిపిస్తుంది, తర్వాత మాట. అవ్వ ఏడవలేదు. "ఖాలా పోయింది బిడ్డా," అన్నది. వెంటనే, "ఆయన జమ్మికుంటలనే ఉండిపోయిండు," అన్నది.

ఆ రెండో మాట విని మిషన్ ఆపేశాను. ఆయన అంటే మా బాపు. భీవండికి మగ్గాల పనికని పోయి, నా చిన్నతనంలోనే జాడ తెలియకుండా పోయిన మా నాన్న. నిజానికి జమ్మికుంటలో ఉన్నది ఖాలా చెప్పే కథలోని బాటసారి. ఆ తేడా మా ఇంట్లో చెరిగిపోయి చాలా ఏళ్లయింది. అది ఎట్లా చెరిగిందో చెప్తే తప్ప ఖాలా ఎవరో మీకు తెలియదు.

మాది సాంచాల వాడ. మరమగ్గాలను మేము సాంచాలంటాం. పొద్దున మొదలయ్యాయంటే పక్క మనిషి ఏమంటున్నదో పెదవులు చూసి తెలుసుకోవలసిందే. మగవాళ్లు లోపల సాంచాల మీద ఉంటే, ఆడవాళ్లు బయట అరుగుల మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు. ఖాలా కూడా బీడీలే చేసేది. ఆమె పుట్టిల్లు జైనూర్ దిక్కు ఒక అడవి ఊరు. పెళ్లయి మా వాడకు వచ్చింది. ఉర్దూ, తెలుగు, కొంచెం మరాఠీ కలిసిన ఆమె మాట మాకెప్పుడూ వింతగా తోచలేదు. ఖాలా అంటే పిన్ని, కానీ ఆమె కన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్లు.

కరెంటు పోతే సాంచాలన్నీ ఒక్కసారి ఆగేవి. చెవులు గుయ్యిమనేవి. ఆ నిశ్శబ్దంలో ఖాలా గొంతు సవరించుకునేది. అంతే, చాటలు ఎత్తుకుని అందరూ ఆమె పీట చుట్టూ చేరేవాళ్లు. చేతులు ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ ఉండేవి. నోళ్లు ఊ కొట్టేవి. ఊ ఆగితే ఖాలా కూడా ఆగేది, మాట సగంలో ఉన్నా సరే. గోడలకు చెప్పుకునేంత తీరిక తనకు లేదనేది. తర్వాత ఏమైందని ముందే అడిగితే మాత్రం కోపం. "నాకు ఎరుకైతే గిప్పుడే చెప్పకపోదునా? నేను గూడ వాని ఎంబడే నడుస్తున్న," అనేది. మేము నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు.

ఆమె దగ్గర అన్ని రకాల కథలూ ఉండేవి. అత్తాకోడళ్లు మాటలు మానేస్తే ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, గంజి కుండ కోసం కొట్లాడుకున్న రెండు మేకల కథ ఎత్తుకునేది. ఊ కొట్టడానికి నోరు తెరిచాక అలక ఎంతసేపు నిలుస్తుంది? కానీ వాడ ఆమెను నెత్తిన పెట్టుకున్నది ఆ కథల వల్ల కాదు. బాట కథల వల్ల.

మా వాడ మగవాళ్లు పని కోసం భీవండికో దుబాయ్‌కో పోయేవాళ్లు. ఎవరైనా బయలుదేరిన రోజు ఖాలా ఆ ఇంటి పేరు మీద ఒక కథ మొదలుపెట్టేది. అందులో ఒక బాటసారి ఉంటాడు. పేరుండదు. కరెంటు పోయినప్పుడల్లా అతను కొంత దూరం నడుస్తాడు. ఆ ఇంటి ఆడమనిషి తప్పకుండా ఊ కొట్టాలి. పోయినతను తిరిగొచ్చిన రోజు పెట్టె పక్కన పెట్టించి, పీట ముందు కూర్చోబెట్టుకుని, కథ అతని ఎదుటే ముగించేది. ఆఖరి ఊ అతనే కొట్టాలి. కొట్టాక తన ఇంట్లోనుంచి చాయ తెచ్చి సాసర్లో పోసి ఇచ్చేది. మీసాలు తిప్పే మనుషులు కూడా సిగ్గుపడుతూ ఊ అని, ఆ చాయ తాగేవాళ్లు.

ఒకసారి మా ఎదురింటామె భర్త దుబాయ్‌లో ఉండగా ఖాలా కథలో బాటసారి కాలుకు దెబ్బ తగిలింది. ఆకుపచ్చ గుడ్డతో కట్టు కట్టుకుని ఒక గోడ నీడలో పడుకున్నాడు. అతను తిరిగొచ్చాక ఆ ముక్క విని, ఊ కొట్టకుండా మెల్లగా లుంగీ పైకి లాగాడు. మోకాలి కింద మచ్చ ఉంది. కట్టింది తన పచ్చ తువాలనేనని, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఖాలా అతన్ని తప్పుపట్టినట్టు చూసింది. "ఊ కొట్టు బేటా, చాయ సల్లగైతది," అన్నది.

ఇంకొకసారి, వేరే ఇంటి కథ నడుస్తుండగా ఖాలా తన చేతిలోని ఆకు కింద పెట్టేసింది. ఊ కొడుతున్న ఆ ఇంటామె భుజం మీద చేయి వేసి, "ఇంక ఊ కొట్టకు చెల్లె," అన్నది. కరెంటు వచ్చింది, సాంచాలు మొదలయ్యాయి, ఎవరికీ ఏమీ వినిపించలేదు. మర్నాడు భీవండి నుంచి ఫోన్ వచ్చింది.

అప్పటినుంచి మా అవ్వ కథ వినేటప్పుడు ఖాలా చేతినే చూసేది. ఆకు కింద పెడుతుందేమోనని. బాపు భీవండికి పోయి ఏళ్లు గడిచాయి. ఖాలా ఎన్నడూ ఆకు కింద పెట్టలేదు.

బాపుకు అన్న ఉన్నాడు, మా పెద్దబాపు. చెడ్డవాడు కాదు. తమ్ముడి ఆత్మ ఎక్కడ తిరుగుతున్నదోనని నిజంగానే భయపడేవాడు. శవానికి బదులు బొమ్మ చేసి కర్మ చేద్దామని, ఆ తర్వాత అవ్వ మట్టెలు తీసి, బొట్టు చెరపాలని ఏటేటా వచ్చి అడిగేవాడు. ఒకసారి నలుగురు పెద్దమనుషులను కూడా వెంటబెట్టుకొచ్చాడు. అవ్వ గోడకు ఆనుకుని కాళ్లు చీర కిందికి లాక్కుని కూర్చుంది. అప్పుడు ఖాలా చాట ఒళ్లో పెట్టుకునే మా ఇంట్లోకి వచ్చింది. "కథ నడుస్తుంది. ఇంక మట్టెలెట్ల తీస్తరు?" అని అడిగింది. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఆఖరి ఊ కొట్టి ఆ చాయ తాగినవాళ్లే. లేచి పోయారు.

కొన్నాళ్లకు కరెంటు పోవడం తగ్గింది. ఊరంతా సంతోషించింది, మా అవ్వ తప్ప. బాటసారి అప్పుడు మంచిర్యాల దగ్గర గోదావరి దాటుతున్నాడు. నడుము లోతు నీళ్లలో ఉండగా కథ ఆగింది. వానలు పడుతున్నాయి, కరెంటు మాత్రం పోవడం లేదు. అవ్వకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం స్తంభం దగ్గర పని చేసుకుంటున్న లైన్‌మన్ దగ్గరికి పరుగెత్తి, "జర కరెంట్ బంద్ జెయ్యి బిడ్డా, మా ఇంటాయన నీళ్లల్ల నిలవడ్డడు," అన్నది. నీళ్లలో నిలబడిన మనిషికి వైరు తగిలిందనుకుని ఆ పిల్లవాడు ఊరంతటికీ కరెంటు ఆపించాడు. అవ్వ తడుస్తూ వచ్చి పీట ముందు కూలబడింది. ఖాలా బాటసారిని ఒడ్డు ఎక్కించింది. ఆ తర్వాత సంగతి తెలిసి లైన్‌మన్ తిట్టడానికి వచ్చాడు కానీ, అవ్వ ముఖం చూసి, ఆయన బయటపడ్డాడా అని మాత్రం అడిగి పోయాడట. ఈ సంగతి చెప్పుకుని వాడంతా చాలా రోజులు నవ్వింది. నేను కూడా నవ్వాను. అయితే ఖాలా బాటసారిని ఒడ్డుకు తెచ్చిన తర్వాత పీట పక్క నేల తడిగా ఉందని, అది అవ్వ కూర్చున్న వైపు కాదని, అరుగు ఊడ్చే ఖాలా కోడలు నాతో అన్నది. వాన కదా, అన్నాను నేను.

పోయినేడు మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు. పాత దుకాణాలు పోయి అద్దాల దుకాణాలు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఖాలా ఒక సాయంత్రం, బాటసారి మన ఊరు చేరాడని చెప్పింది. అవ్వ ఊ కొట్టి వాకిలి వైపు చూసింది. "చేరిండు గని గుర్తువట్టలే చెల్లె. రోడ్డు కొత్తగైంది గద. మన వాడల నుంచే పోయిండు. ఒక ఇంట్ల మంచినీళ్లు అడుక్కొని తాగిండు. జమ్మికుంట దిక్కు పోయిండు," అన్నది. వాడ చివరి ఇంటామె చాట కింద పెట్టి, ఆ మధ్యాహ్నం ఎవరో ముసలాయన తన దగ్గర నీళ్లు తాగి పోయాడని చెప్పింది. ముఖం గుర్తులేదన్నది. చెంబు వైపే చూశానన్నది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పండక్కి మంచిర్యాల నుంచి వచ్చి ఉన్నాను.

అవ్వ లోపలికి పోయాక ఖాలాను నిలదీశాను. ఇదంతా నిజమేనా, మా అవ్వను ఇట్లా ఎందుకు నడిపిస్తున్నావని అడిగాను. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి తెంపింది.

"మీ బాపు ఉన్నడో లేడో నాకెట్ల ఎరుక బిడ్డా? మీ అవ్వ ఊ ఆపనన్ని దినాలు నేను ఆప," అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "కని ఒకటి చెప్త. మీ అవ్వ ఊ కొట్టినంక ఇంకో ఊ వినవడుతది, నా పక్కపొంటి. ఎవలో అని నేను ఎన్నడు ఆ దిక్కు సూడలే. నువ్వు గూడ సూడకు."

అది నాకు ఆమె చెప్పిన ఆఖరి మాట. బాటసారిని జమ్మికుంట మార్కెట్లో పత్తి బస్తాల మీద పడుకోబెట్టి, తను లేవకుండా పోయింది.

నేను చేరేసరికి వాడ చప్పుడు లేకుండా ఉంది. ఎవరూ చెప్పకుండానే సాంచాలన్నీ ఆపేశారు. మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు ఆమెను తీసుకుపోయారు. మోకాళ్ల నొప్పుల వల్ల పెద్దబాపు ఒక్కడే కుర్చీలో మిగిలాడు. ఆడవాళ్లం అలవాటు కొద్దీ పీట చుట్టూనే కూర్చున్నాం. ఒళ్లో చాటలు లేక చేతులు ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. ఏమడగబోతున్నాడో అవ్వకు తెలుసు, నాకూ తెలుసు. కథ ఆగిపోయింది కదా, ఇక కర్మ చేద్దామంటాడు. అడ్డుపడటానికి ఖాలా లేదు.

అవ్వ కూర్చున్న చోటునుంచే మొదలుపెట్టింది. నేను పుట్టినప్పటి నుంచి ఆమె కథ చెప్పగా ఎన్నడూ వినలేదు.

"పత్తి బస్తాల మీదనుంచి లేసిండు. మల్ల తొవ్వ వట్టిండు. ఊరు దొరికింది, వాడ దొరుకుతలేదు. అన్ని వాడలల్ల సప్పుడే. ఒక్క వాడల సప్పుడు లేదు. ఖాలా కోసం బంద్ జేసిన వాడ. గప్పుడు గుర్తువట్టిండు." అవ్వ పీట వైపు తిరిగింది. "సక్కగ వచ్చిండు. ఖాలా పీట పక్కపొంటి నిలవడ్డడు."

ఆగింది. ఇక ఆఖరి ఊ. అది మాలో ఎవరూ కొట్టకూడదు. నేను నా కాళ్ల దగ్గరి బీడీ ఆకు ముక్కను చూస్తూ కూర్చున్నాను.

ఊ, అని వినిపించింది.

మగ గొంతు. అలసిన గొంతు. పీట వైపు నుంచి వచ్చింది. అందరం పెద్దబాపు వైపు చూశాం. ఆయన తువాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు, కళ్లు పీట పక్కనే ఉన్నాయి. నేను మాత్రం అటు తిరిగి చూడలేదు. ఖాలా చూడవద్దన్నది.

అవ్వ మంచిదన్నట్టు తలూపి లేచింది. లోపలికి పోయి చాయ చేసింది. సాసర్లో పోసి పీట పక్కన పెట్టింది. పెద్దబాపు కర్ర పట్టుకుని లేచి, ఆ పీటకు దూరంగా చుట్టు తిరిగి ఇంటికి పోయాడు. కర్మ మాట ఎత్తలేదు. ఇక ఎత్తడు కూడా. తిరిగొచ్చిన మనిషికి కర్మ ఎట్లా చేస్తారు?

ఖాలా మా బాపును తెచ్చి ఇచ్చిందని నేను అనను. అంత ధైర్యం నాకు లేదు. మా అవ్వను మాత్రం మాకు దక్కించింది. ఇన్నేళ్లూ అన్నం తినేట్టు, నవ్వేట్టు, కాళ్లు చాపుకుని వాకిట్లో కూర్చునేట్టు చేసింది. ఆమె రుణం ఎట్లా తీరుతుందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున సాంచాలు మొదలయ్యాయి. వాడంతా అదిరింది. నేను బయటికి వచ్చేసరికి సాసర్లో చాయ అట్లాగే ఉంది, మీగడ కట్టి, సాంచాల అదురుకు సన్నగా వణుకుతున్నది. పారబోద్దామని వంగాను. వెనక నుంచి అవ్వ వచ్చి నా చేయి ఆపింది. సాసరు తీసుకుని, మట్టెల కాళ్లతో రెండడుగులు వేసి ఆగింది. సాంచాల చప్పుడులో మాట వినిపించలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను.

"సల్లగైంది, ఆగు, ఇంకోటి పెడుత," అన్నది. నా వైపు చూసి కాదు.