ఫ్యాక్టరీ బ్యాండులో నా సెలక్షను

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి హఫీజ్‌పేటలోని మా ఇంటికి వచ్చి, నన్ను కారెక్కించుకుని, తెల్లాపూరులో తాముంటున్న గేటెడ్ కమ్యూనిటీకి తీసుకుపోయింది. అక్కడి పిల్లలతో డ్రమ్ కోర్ ఒకటి పెడుతున్నారట, అంటే పాతికమంది డ్రమ్ములు తగిలించుకుని ఒకే అడుగు వేస్తూ వాయించే దళమన్నమాట, దానికి ఆ రోజు క్లబ్‌హౌస్‌లో సెలక్షన్లు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు అందులో చేరాలని మూడు నెలలుగా ఇంట్లో దిండ్లన్నీ కొట్టి కొట్టి దూది రాల్చింది.

"నాన్నా, నువ్వు ఫ్యాక్టరీ బ్యాండ్ల ఇన్నేండ్లు చేసినవు గదా, సెలక్షన్ల ఏమడుగుతరో దానికి జర చెప్పు" అన్నది మా అమ్మాయి.

తెలిసినంతవరకు చెప్పాను. వేగంగా కొట్టడం గొప్పకాదని, నెమ్మదిగా కొట్టినప్పుడే చెయ్యి బయటపడుతుందని, కళ్లు మూసుకుని వింటే ఏది కుడిచేతి దెబ్బో ఏది ఎడమచేతి దెబ్బో తెలియకూడదని చెప్పాను. వాళ్లు వాయించి చూపిన దరువును తిరిగి వాయించమంటారు, డ్రమ్ము తగిలించి నడిపిస్తారు, తప్పు పోతే ఆగకు, మొహం ముడుచుకోకు, అడుగు మాత్రం వదలకు అన్నాను. పిల్ల అన్నీ ఫోనులో రాసుకున్నది. నేనెట్లా సెలక్టయ్యానో మాత్రం చెప్పలేదు.

క్లబ్‌హౌస్‌లో నలభైమంది దాకా పిల్లలున్నారు. నిర్వాహకుడు కోస్తావైపు మనిషి, ఐటీ ఉద్యోగి, మర్యాదస్తుడు. నా చేతికి కాఫీ ఇచ్చి, వంగి, మనవరాలు పక్కనే ఉందన్న వెరపు కూడా లేకుండా అన్నాడు.

"మీరేం టెన్షన్ పడకండి బాబాయ్ గారూ. పాప పేరు లిస్టులో ఎప్పుడో పెట్టేశామండి. అల్లుడుగారి కంపెనీయే కదండీ మనకి స్పాన్సరు. ఇదంతా ఊరికే ఫార్మాలిటీ."

అదే సమయానికి మధ్యలో ఒక కళ్లద్దాల పిల్ల వాయిస్తున్నది. బొద్దుగా, బెరుకుగా ఉన్నది గాని, ఆ రెండు చేతుల మధ్య వెంట్రుకంత తేడా లేదు. నిర్ణయించవలసిన ముగ్గురిలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. నా నోట్లో కాఫీ ఒక్కసారిగా కషాయమైపోయింది. ఆ మనిషి మీద పుట్టిన రోత సగమే. మిగతా సగం ఎక్కడిదో నాకు తెలుసు.

ఫ్యాక్టరీ బ్యాండులో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్లు, మా బావకు ఇరవై రెండు. బావ మా మేనమామ కొడుకు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే మా అమ్మ తెచ్చి పెంచుకున్నది. ఒకే కంచంలో తిన్నాము, ఒకే గొంగడి కప్పుకున్నాము. ఇవాళ అద్దాల మేడలు నిలబడ్డ కొండాపూర్, మాదాపూర్ వైపంతా ఆ రోజుల్లో ఏనుగుల్లాంటి గుండ్రటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మేకలను అటు తోలుకుపోయి, అవి మేసినంతసేపూ మేమిద్దరం వెదురు పుల్లలతో బండలమీద దరువులు వేసేవాళ్లం. బోనాల డప్పుల వెంట పొద్దంతా తిరిగి విన్నదంతా బావ ఇంటికొచ్చి పళ్లెంమీద పొల్లు పోకుండా వినిపించేవాడు. నాకు ఏది వచ్చినా బావ దగ్గర వచ్చిందే.

పటాన్‌చెరు దారిలోని ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీకి సొంత బ్యాండు ఉండేది. అందులో సైడ్ డ్రమ్ము వాయించేవాడి చోటు ఒకటి ఖాళీ అయిందని, సెలక్టయితే పర్మనెంటు ఉద్యోగమని మా నాన్నే కబురు తెచ్చాడు. నాన్న అదే ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆఫీసరు బంగ్లాలో తోటపని చేసేవాడు. ఉన్నది ఒక్క చోటే అయినా ఇద్దరమూ దరఖాస్తు పెట్టాము.

మా ఇంట్లో ఒక పొట్టేలు ఉండేది. తల్లి చచ్చిపోతే బావ దాన్ని సీసాపాలు పట్టి బతికించాడు. అది బావ వెంట కుక్కలాగా తిరిగేది. సెలక్షను ఇంకా మూడు రోజులుందనగా, తెల్లవారుజామున నేను వాకిట్లోకి వచ్చేసరికి నాన్న దాని మెడకు తాడు వేసి రోడ్డువైపు నడిపించుకుపోతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నీ కోసమే చేస్తున్న. వానికి చెప్పకు" అన్నాడు.

ఎక్కడికని నేను అడగలేదు. నాన్న పనిచేసే బంగ్లాలోని ఆఫీసరే ఆ సెలక్షన్లకు పెద్ద.

ఆ రోజంతా బావ పొట్టేలు కోసం వెతికాడు. చేతిలో దానికి ఇష్టమైన సుబాబుల్ రెమ్మల కట్ట పట్టుకుని, గడప గడపా అడుగుతూ మియాపూర్ చెరువు దాకా పోయాడు, పక్కన నేనూ పోయాను. పొద్దు గుంకేవేళ చెరువుకట్టమీద కూలబడి "ఎవడో కోసుకొని తినుంటడు బామ్మర్దీ" అని మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. నేను వీపు మీద చెయ్యి వేసి "దొరుకుతది లే బావా" అన్నాను. నా బతుకులో చాలా అబద్ధాలాడాను గాని, ఇప్పటికీ నన్ను వదలనిది ఆ ఒక్క మాటే.

సెలక్షను ఫ్యాక్టరీ మైదానంలో జరిగింది. బ్యాండు మాస్టరు ముసలాయన, ఎప్పుడూ పాన్ నములుతూ కాళ్ల దగ్గర పెట్టుకున్న డబ్బాలో ఉమ్మేవాడు. ఆఫీసరు గొడుగు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముందు ఒట్టి డ్రమ్ములు తగిలించి మమ్మల్ని గంటసేపు ఎండలో నిలబెట్టారు. ఆ ఒక్క గంటకే సగం మంది రాలిపోయారు. తర్వాత చెక్కకు కొట్టిన లారీ టైరు ముక్క మీద నెమ్మదిగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించమన్నారు. ఆ తర్వాత నడిపించారు. మేము నడుస్తూ వాయిస్తుంటే మాస్టరు పక్కనే నడుస్తూ, కావాలని వేరే తాళంలో చప్పట్లు కొడుతూ మనసు చెదరగొట్టేవాడు. నా ఎడమచెయ్యి తడబడింది, దాంతో అడుగూ తప్పింది. బావ మాత్రం ఆ చప్పట్లు తనకు వినపడనే లేదన్నట్లు మైదానం చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. మాస్టరు పాన్ నమలడం ఆపి చూశాడు.

లిస్టులో నా పేరు వచ్చింది. ఏడుస్తాడనుకున్న బావ నన్ను గట్టిగా కౌగిలించుకుని "ఇంట్ల ఒక్కనికైతే వచ్చింది గదా" అన్నాడు. నా ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్లయింది.

డ్యూటీలో చేరిన రోజున మాస్టరు నాకొక ఉన్నికోటు ఇచ్చాడు. రిటైరైన ఎవరిదో. చంకల్లో చెమట ఉప్పుగట్టి అట్టలా బిగుసుకుపోయి ఉన్నది. అది తొడుక్కుని గుండీలు పెట్టుకుంటుంటే ఆయన డబ్బాలో ఉమ్మి, నా మొహం చూడకుండానే అన్నాడు.

"నీ చెయ్యి చూసి నేను తీసుకోలే. నీ పేరు పైకెల్లి వచ్చింది. నీతోని వచ్చిన ఆ పొడుగు పోరగాడు ఉండె సూడు, నాకు వాడు కావాలె. సరే, ఇగ నేర్సుకో."

నేర్చుకున్నాను. ఏడాదిపాటు అందరికన్నా ముందు వచ్చి టైరు ముక్క మీద ఎడమచెయ్యి అరగదీశాను. జెండా పండుగలకు ముందు వరుసలో నడిచాను, ఇల్లు కట్టాను, పిల్లను చదివించాను. బావ కూకట్‌పల్లిలో ఒక పెళ్లిబ్యాండులో చేరాడు. మా నాన్న పోయేదాకా బావతో కలిసి అన్నం తినలేదు. బావ వస్తే ఏదో ఒక పని పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేవాడు. మామకు తనమీద ఏం కోపమో బావకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఒకసారి తోటి ఉద్యోగి కూతురి పెళ్లికి కూకట్‌పల్లి పోతే, ఊరేగింపులో బావ ఎర్రకోటు వేసుకుని వాయిస్తూ కనిపించాడు. నేను ఇస్త్రీ బట్టల్లో ఒక కారు వెనక్కి తప్పుకున్నాను. అయినా చూశాడు. వాయింపు ఆగినప్పుడు మంచినీళ్లు తాగుతూ వచ్చి "బామ్మర్దీ, ఎడమచెయ్యి కుదిరిందా?" అని నవ్వాడు. కుదిరిందన్నాను. పొట్టేలు సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి అదను మళ్లీ దొరకలేదు. బావ పోయి నాలుగేళ్లయింది.

ఆ ఆదివారం సాయంత్రం మనవరాలు లిస్టులో తన పేరు చూసుకుని వచ్చి కారెక్కింది. కళ్లద్దాల పిల్ల పేరు లేదు. కొంతదూరం పోయాక "తాతా, నిన్ను బాగా కొట్టినవనే తీసుకున్నరా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను, పొట్టేలుతో సహా, మా అమ్మాయికి కూడా తెలియని సంగతంతా. మా అమ్మాయి అద్దంలోంచి నన్ను చూసి "ఇప్పుడెందుకు నాన్నా ఇవన్నీ దానికి?" అన్నది.

మర్నాడు మనవరాలు తానే వెళ్లి అందరిముందూ తనకు మళ్లీ సెలక్షను పెట్టమని అడిగింది. పెట్టారు. అందరూ చూస్తుండగా దరువు రెండుసార్లు తెగిపోయింది. పేరు తీసేయక తప్పలేదు, ఆ చోటు కళ్లద్దాల పిల్లకు పోయింది. మనవరాలు మూడు వారాలుగా నా ఫోను ఎత్తడం లేదు. అల్లుడు కూడా ముభావంగా ఉన్నాడు. నిర్వాహకుడు మాత్రం నాకు ఫోను చేసి, ఇందులో తప్పేముందో తనకు నిజంగానే అర్థం కావడం లేదని ఎంతో మర్యాదగా చెప్పాడు.

మా కాలంలో ఇలాంటి పని చేసినవాడు కనీసం తల దించుకుని నడిచేవాడని, ఇప్పుడు కాఫీ ఇచ్చి మరీ చెబుతున్నారని నా ఈడువాళ్లతో అంటుంటాను, వాళ్లూ అవునంటారు. ఇంటికొచ్చి ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం నా మాట మీద నాకే వెగటు పుడుతుంది. మేమిద్దరం, మా నాన్నా నేనూ, బతికినన్నాళ్లూ తలలు దించుకునే నడిచాము. దానివల్ల మా బావకు ఒరిగింది ఏమీ లేదు.