చార్టు మూలన పేరు లేని చుక్క

మా కంపెనీలో చార్టక్క అసలు పేరు జీతాల విభాగంలో తప్ప ఇంకెక్కడా తెలియదు. ఉద్యోగులను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, పని అయ్యాక మళ్ళీ దింపే క్యాబుల విభాగం మాది. ఏ క్యాబు ఏ దారిన వెళ్ళాలి, ఎవరిని ఎక్కడ దింపాలి అన్నది రోజూ మధ్యాహ్నం చార్టు వేసేది ఆవిడ. డ్రైవర్ల ఫోన్లు ఎత్తి తిట్లు తినేది నేను. కింది అంతస్తులో, జనరేటరు గదిని ఆనుకుని, కిటికీ అన్నది లేని గదిలో ఎదురెదురు బల్లల దగ్గర మా కాపురం.

మంచి మనిషి. కాని మహా మొండిది. ఒకసారి తలకెక్కించుకుందంటే దేవుడు దిగొచ్చి చెప్పినా వినదు. ఆవిడ భర్త ఒకప్పుడు మా దగ్గరే క్యాబు నడిపేవాడు. నడుముకి దెబ్బ తగిలి స్టీరింగు వదిలేశాక ఇంట్లో వంట ఆయన అందుకున్నాడు, ఇక్కడ ఉద్యోగం ఈవిడ అందుకుంది. ఆయన బండి నడిపిన రోజుల్లో, ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడిన సాయంత్రాలను ఆవిడ మర్చిపోలేదు. అందుకే కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే తీర్మానించేసింది: "ఇంట్లోవాళ్ళకి తెలియాలి. అంతే."

అంతకుముందు చార్టు గోడ మీద తెల్లబోర్డులో ఉండేది. ఆవిడ దాన్ని క్లౌడులోకి ఎక్కించింది. ఒక లింకు తయారుచేసి డ్రైవర్లకు, ఉద్యోగులకు పంపించింది. పాస్‌వర్డు అక్కర్లేదు, లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చూడొచ్చు. "మీ ఇంట్లోవాళ్ళకి కూడా పంపుకోండి, కంగారుపడకుండా ఉంటారు" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అందరూ పంపుకున్నారు. మా గదికి వచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

దాన్ని చూసి గుండెలు బాదుకున్నవాడు ఒక్కడే. కంప్యూటర్ల భద్రత చూసే ఇంజనీరు. మేం పాస్‌వర్డు పంతులు అనేవాళ్ళం. ఆయన వచ్చినప్పుడల్లా ఇదే గొడవ.

"అమ్మా, మీ లింకు వీధి కుళాయి లాంటిది. ఎవరొచ్చి బిందె పెట్టినా నీళ్ళొస్తాయి."

"రానీండి. దాహం తీరుతుంది కదా."

"ఎవరి ఫోన్‌కి వాళ్ళ ట్రిప్పు మాత్రమే కనపడేలా పెట్టొచ్చు. నేను చేసిపెడతానంటున్నానుగా."

"మా డ్రైవర్లకి వాళ్ళ పుట్టినరోజే గుర్తుండదు, ఇంక పాస్‌వర్డులు ఏం గుర్తుంటాయి? వెళ్ళి టీ తాగి రండి పంతులుగారూ."

పంతులు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాడు. నేను నవ్వేవాణ్ణి.

మూడో అంతస్తులో ఫిర్యాదుల విభాగంలో ఒక అమ్మాయి పనిచేసేది. ఒకరోజు మా గదికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా వైపు ఒకసారి అనుమానంగా చూసి, చార్టక్క చెవిలో ఏదో చెప్పింది. నేను పక్కకి తిరిగి కూర్చున్నాను కాని, గది ఎంతని? అన్నీ వినిపించాయి. భర్త కొడుతున్నాడు. ఇల్లు వదిలి వచ్చేసింది. వేరే చోట గది తీసుకుంది. వేరే ఊళ్ళో ఉన్న తల్లికి కూడా ఆ చోటు చెప్పలేదు, చెబితే సర్దుకుపొమ్మని పోరుపెడుతుందని.

"దింపే చోటు మార్చాలి కాబట్టి మీకు చెప్పాలి అక్కా. మీ ఒక్కరికే చెబుతున్నాను."

"నా కడుపులో పెట్టుకుంటాను తల్లీ, వెళ్ళు" అంది చార్టక్క. అని, ఆ అమ్మాయి పేరు ఎదురుగా ఉన్న పాత వీధి చెరిపేసి కొత్త సందు రాసింది.

కడుపులో పెట్టుకుంటానన్న మనిషే చార్టులో పెట్టింది. ఆ క్షణంలో ఇద్దరు ఆడవాళ్ళకీ, వింటున్న నాకూ అది తట్టలేదు. చార్టు అంటే మాకు పని. అది ఒక కాగితం అనీ, దాన్ని ఎవరో చదువుతారనీ ఆలోచించడం ఎప్పుడో మానేశాం.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు వెయ్యలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఎవరికి చెప్పారక్కా?"

చార్టక్కకి అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"నిన్న క్యాబు దిగేసరికి మా సందు మొదట్లో నిలబడున్నాడు. ఏమీ అనలేదు. ఊరికే నవ్వాడు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. ఎవరికి చెప్పారు?"

నాకు ఒళ్ళు మండింది. ఈవిడని అంత మాటంటుందా అని లేవబోయాను. చార్టక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"కూర్చో తల్లీ. నేను చెప్పలేదు. కాని ఎలా తెలిసిందో చూద్దాం."

చార్టు తెరిచింది. దాన్ని ఆ సమయంలో చూస్తున్నవాళ్ళంతా పై మూలన రంగు చుక్కలుగా కనిపిస్తారు. డ్రైవర్ల చుక్కల మీద పేర్లుంటాయి. ఇళ్ళ నుంచి చూసేవాళ్ళ చుక్కలకి పేరుండదు. సాయంత్రమైతే ఆ పేరు లేని చుక్కలు కుప్పలు తెప్పలుగా వస్తాయి, వాటిని చూసి చార్టక్క మురిసిపోయేది. కాని అప్పటికింకా మధ్యాహ్నమే. దింపుడు చార్టు వేసి ఎంతోసేపు కాలేదు. అప్పుడే ఒక చుక్క ఉంది, బూడిద రంగుది, పేరు లేనిది. చుక్క మీద నొక్కితే ఆ మనిషి ఏ వరస దగ్గర ఆగి చూస్తున్నాడో చూపిస్తుంది. చార్టక్క నొక్కింది.

అది ఆ అమ్మాయి వరస. బూడిద రంగు గీత ఆ పేరు చుట్టూ గట్టిగా బిగించినట్టుంది. కదలడం లేదు. మేం ముగ్గురం దాన్నే చూశాం. మనం వాణ్ణి చూస్తున్నట్టు వాడికి తెలియదు కదా అనుకున్నాను, అయినా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

పంతుల్ని పిలిచాను. ఎప్పుడూ మెట్ల మీద ఆగి ఆయాసం తీర్చుకునే మనిషి, పరుగున వచ్చాడు. తెర చూశాడు. "నేను ముందే చెప్పాను" అన్న మాట ఆయన పెదాల దాకా వచ్చింది, ఆ అమ్మాయిని చూసి మింగేశాడు. అందుకు ఆయన్ని జన్మలో మర్చిపోను.

"లింకు మూసేద్దాం. ఇప్పుడే" అన్నాడు.

"మూస్తే ఎవరి ద్వారా వెళ్ళిందో తెలుస్తుందా?" అంది చార్టక్క.

"తెలీదు."

"మరి రేపు మళ్ళీ వాళ్ళ ద్వారానే ఇంకోటి తెలుసుకుంటాడు. మూసెయ్యొద్దు. చూడనివ్వండి. కాని మనం చూపించిందే చూడాలి."

మొండితనం ఒక్కోసారి పనికొస్తుంది. ఆ అమ్మాయి అప్పటికే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఉంది. చార్టక్క స్టేషన్‌కి ఫోన్ చేసి, ఆడ పోలీసొకామెతో మాట్లాడింది. తర్వాత పాత చార్టులో, ఆ బూడిద చుక్క కళ్ళముందే, సందు పేరు చెరిపేసి "పెట్రోలు బంకు పక్కన" అని రాసింది. అమ్మాయిని ఆఫీసు వెనక గేటు నుంచి ఆడవాళ్ళ హాస్టలుకి పంపించాం. ఆ చోటు ఏ చార్టులోనూ రాయలేదు.

ఇక మిగిలింది మిగతా జనం. వాళ్ళందరి ఇళ్ళూ ఆ వీధి కుళాయి దగ్గరే ఉన్నాయి కదా. పంతులు చొక్కా చేతులు మడిచాడు. పాతది ఆ చుక్క కోసం అలాగే ఉంచి, కొత్త చార్టు పెట్టాడు. ఒక్కొక్క డ్రైవరు నంబరు కొడితే, వాడి ఫోన్‌కి ఒక కోడు వస్తుంది, అది కొట్టగానే వాడి ట్రిప్పు ఒక్కటే తెరుచుకుంటుంది. పక్కవాడిది కనిపించదు. ట్రిప్పు అయిపోగానే మాయమైపోతుంది. ఇంకొకరికి పంపినా తెరుచుకోదు. నేను ఫోన్ల మీద ఫోన్లు చేసి డ్రైవర్లకి చెప్పాను. తల ప్రాణం తోకకొస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు.

"ఓస్, ఇంతేనా సార్? ఇదివరకు మొత్తం వెతుక్కోలేక చచ్చేవాళ్ళం" అన్నాడొక డ్రైవరు.

చార్టక్క పంతులు వైపు తిరిగింది. "ఇంత తేలికైతే ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"ఏడాది నుంచీ చెబుతూనే ఉన్నానమ్మా" అన్నాడు ఆయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఎవరమూ నవ్వలేదు.

సాయంత్రం పెట్రోలు బంకు పక్కన మా క్యాబు ఒకటి ఆపాం. నేనూ, చార్టక్కా, మామూలు చీరలో ఆ పోలీసామె. చార్టక్కని రావద్దన్నాను, విన్నదా? చేతిలో ఫోన్, ఫోన్లో పాత చార్టు. బూడిద చుక్క ఇంకా ఆ వరస మీదే ఉంది. గాలి కొట్టించుకునే బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రతి మగాడి మొహంలోనూ నాకు వాడే కనిపిస్తున్నాడు. వాడి మొహం నేను చూడను కూడా చూడలేదు, అదీ విడ్డూరం. వాడు రాకపోతే? అసలు ఆ చుక్క వాడిది కాకపోతే? నిప్పుల మీద కూర్చున్నట్టుంది.

ఉన్నట్టుండి చుక్క ఆరిపోయింది. "ఫోన్ జేబులో పెట్టాడు" అంది చార్టక్క.

బంకు గోడ పక్కకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. చేతిలో ఒక పూలగుత్తి కూడా ఉంది. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను, మా అకౌంటెంటులా ఉన్నాడు. మా క్యాబు కనిపించగానే నవ్వుతూ ముందుకొచ్చి తలుపు హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. పోలీసామె దిగింది. అతను పూలు వెనక్కి దాచాడు.

"ఎవరికోసం వచ్చావ్?"

"నా భార్య కోసమండీ. తప్పా?"

"ఇక్కడ దిగుతుందని నీకెవరు చెప్పారు?"

అతను ఏమాత్రం తడబడలేదు. పైగా రోషపడ్డాడు. ఫోన్ తీసి చూపించాడు. "దొంగచాటుగా ఏం చూడలేదు మేడం. మా అత్తగారే పంపించారు. వెళ్ళి నచ్చజెప్పి తెచ్చుకో బాబూ, కాపురం నిలబెట్టుకో అన్నారు. కావాలంటే చదవండి."

చార్టక్క ఆ ఫోన్‌లోకి చూసింది. పెద్దావిడ రాసిన మెసేజు. దాని కింద మా లింకు. కాపురం బాగున్న రోజుల్లో ఆ అమ్మాయి తల్లికి పంపించిన లింకే, చార్టక్క పంపుకోమన్న లింకే. ఇల్లు మారింది కాని లింకు మారలేదు. తల్లికి చోటు చెప్పకుండా దాచిన కూతురు, ఆ చోటు రోజూ తల్లి ఫోన్లోకి వెళ్తోందని మర్చిపోయింది.

పోలీసామె అతన్ని స్టేషనుకి తీసుకెళ్ళింది. అతని మీద కేసు నడిచింది, దగ్గరికి రాకూడదని ఆ తర్వాత కోర్టు ఆంక్ష పెట్టింది. అది వేరే కథ. ఆ సాయంత్రం మాకు అంతకంటే కష్టమైన పని ఉంది. హాస్టలు ముందుగదిలో ఆ అమ్మాయి మాకోసం నిలబడే ఉంది.

"ఎవరక్కా?" అంది.

చార్టక్క అబద్ధమాడుతుందేమో అనుకున్నాను. ఆడలేదు. "మీ అమ్మ" అంది. "చెడు తలపెట్టి కాదమ్మా."

ఆ అమ్మాయి ఏడవలేదు. "మిమ్మల్ని అన్నాను, ఏమీ అనుకోకండి" అంది. చార్టక్క అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ లింకు తాను పుట్టించింది కాబట్టి ఏడ్చిందో, ఆ అమ్మాయి ఏడవలేదు కాబట్టి ఏడ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ తల్లి మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే పాత లింకు మూసేశాం. ఇప్పుడు దాన్ని ఎవరు నొక్కినా లోపలికి పోనివ్వదు, పేరు చెప్పి అనుమతి అడగమంటుంది. ఆ అడగడం చార్టక్క తెర మీదికి వస్తుంది. మొదటి సాయంత్రం బోలెడు ఇళ్ళవాళ్ళు అడిగారు. చార్టక్క ఆయా ఉద్యోగిని అడిగి, సరేనంటేనే, ఆ ఒక్క ట్రిప్పు వరకు తెరిచింది. ఇదివరకు అందరికీ ఒకే మాట చెప్పే మనిషి, ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి, "నీకు ఇష్టమేనా?" అని అడగడం నేర్చుకుంది.

ఆ అమ్మాయి వేరే పేటలో గది తీసుకుని మళ్ళీ క్యాబులో వెళ్ళడం మొదలుపెట్టిన రోజు, తెర మీద తల్లి పేరు వచ్చింది. అనుమతి కోరుతున్నారు. చార్టక్క వద్దని నొక్కింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. సరిగ్గా క్యాబులు బయలుదేరే వేళకి.

"ఆవిణ్ణి శాశ్వతంగా ఆపేసే మీట కూడా ఉంది" అన్నాను. "నొక్కి పారెయ్యండి."

నొక్కలేదు. అమ్మాయిని కిందికి పిలిచి తెర చూపించింది. "నీ ఇష్టం తల్లీ. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

ఆ అమ్మాయి తల్లి పేరుకేసి చూస్తూ నిలబడింది. పక్క గదిలో జనరేటరు మొదలై, గోడ అదిరి, మళ్ళీ ఆగింది.

"చేరానని చెప్పండక్కా" అంది చివరికి. "ఎక్కడికో చెప్పకండి."

అప్పటి నుంచీ ఆ అమ్మాయిని దింపినట్టు డ్రైవరు చెప్పగానే చార్టక్క తన ఫోన్ తీసి ఆ పెద్దావిడకి చేస్తుంది. అవతల మొదటి మోతకే ఎత్తుతారు.

"మీ అమ్మాయి చేరిందమ్మా."

అవతల ఆవిడ ఏం అడుగుతుందో ఎదురుబల్ల దగ్గర ఉన్న నాకు స్పష్టంగా వినిపిస్తుంది. రోజూ అదే ప్రశ్న. చార్టక్క ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వీలైనంత మెత్తగా మళ్ళీ చెబుతుంది.

"చేరిందమ్మా. క్షేమంగా చేరింది."