చూరు కింద ముచ్చట్లు

ఉత్తరాది మంచుదేశపు ఫోర్సా ఊళ్లో గోడకి ఆనించిన కర్రను మించిన అధికారి లేడు. చూరు మీద మంచు పేరుకుంటే కింద నడిచే దారికి అడ్డంగా ఒక కర్రను ఏటవాలుగా గోడకి ఆనిస్తారు. అంతే. దాని మీద రాతలుండవు, పక్కన కాపలా ఉండదు. మంత్రి చెప్పినా, పాస్టరు చెప్పినా "చూద్దాంలే" అనే జనం ఆ కర్ర కనబడగానే నోరు మూసుకుని రోడ్డు మీదికి దిగి, చుట్టూ తిరిగి పోతారు. నేను చాలా దేశాలు తిరిగాను. రాజుకి భయపడే వాళ్లనీ, దేవుడికి భయపడే వాళ్లనీ, పెళ్లానికి భయపడే వాళ్లనీ చూశాను. తోటకూర కాడలాంటి కర్రకి ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు. ఒక ఏడు ఒక కర్రను తీయడం మర్చిపోతే జూలై ఎండలో కూడా దాన్ని చుట్టి పోయారు.

ఆ కర్రలు ఆనించే మనిషి తైస్తో ఉర్పొలా. వయసంతా నూలు మిల్లులో మగ్గాల మోత మధ్య గడిపాడు. అక్కడ ఎవరేమన్నా వినబడదు గనక మాట్లాడే అలవాటే పోయింది. ఇంట్లో ఆ పని భార్య చూసుకుంటుంది, ఈయన వంతుకి తల ఊపడం మిగిలింది. మిల్లు మూతపడ్డాక బజారు వీధిలో ఒక దుకాణాల భవనానికి కాపరిగా కుదిరాడు. చలికాలమంతా గుమ్మాల ముందు ఐసు కొట్టి, కాళ్లు జారకుండా కంకర చల్లడం, వసంతంలో ఆ కంకరనే ఊడ్చి ఎత్తడం, ఈలోగా అందరి బూట్లలో ఇళ్లకి చేరిన కంకరకి తిట్లు తినడం. అదీ ఉద్యోగం.

ఆ భవనంలో కళ్లజోళ్ల షాపు పక్కన ఐలి అనే ఆవిడ బేకరీ ఉంది. చర్చి ఉపవాస రోజుల ముందు వచ్చే మంగళవారం ఊరంతా మీగడ బన్ను తినాలి. లోపల బాదం ముద్ద పెట్టాలా, జాము పెట్టాలా అన్న దాని మీద అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లున్నాయి. ఐలికి ఏడాదంతా ఒక ఎత్తు, ఆ మంగళవారం ఒక ఎత్తు. ఒకసారి మీగడ పెట్టాక ఆ బన్ను మర్నాటికి పందులకే.

ఒక ఏడు సరిగ్గా ఆ మంగళవారానికి ముందురోజు మంచు కరిగి, రాత్రికి మళ్లీ బిగుసుకుంది. ఇలాంటి రోజుని ఇక్కడ 'పుర్రె వాతావరణం' అంటారు. జారిపడితే పుర్రె పగిలే వాతావరణం అని. రేడియోలో కూడా ఆ మాటే, వంకాయ ధర చెప్పినంత చల్లగా చెబుతారు. ఐలి గుమ్మం మీద చూరుకి మంచం అంత ఐసు పలక వేలాడుతోంది. పైకెక్కి దించేవాళ్లు ఊరంతా తిరుగుతున్నారు, మధ్యాహ్నానికి గానీ రారు. తైస్తో బేకరీ ముందు కర్ర ఆనించాడు.

"ఇవాళేనా? ఏం పగ నాయనా నా మీద!" అని ఐలి బయటికొచ్చింది.

తైస్తో వేలెత్తి పైకి చూపించాడు.

"నిన్నా ఉందిగా అది! పడిందా?"

తైస్తో ఇంకోసారి వేలెత్తి, వెనక ఆవరణలో కంకర చల్లడానికి వెళ్లిపోయాడు. ఐలి అటూ ఇటూ చూసి, కర్ర తీసుకెళ్లి లోపల గల్లా వెనక పెట్టింది. కాసేపట్లో లైను కట్టారు. తైస్తో తిరిగొచ్చేసరికి సగం లైను ఐసు పలక కిందే ఉంది. పైన 'టిక్' మని చిన్న చప్పుడు.

తైస్తో జేబులోంచి ఈల తీసి ఊదాడు. ఈల వినబడితే ఉన్నచోటే ఆగాలని ఈ ఊళ్లో చిన్నప్పుడే నేర్పుతారు. అందరూ ఆగారు, పలక కిందే.

"పైన ఐసు!" అని అరిచాడు తైస్తో. అందరూ తలెత్తి శ్రద్ధగా చూశారు.

"కర్ర లేదుగా," అంది ముందున్న ముసలమ్మ.

"కర్ర లేదు," అని వెనకాయన బలపరిచాడు.

"లోపలుంది! తెస్తానుండండి." గల్లా వెనక కర్ర కొస కనబడుతుంటే తైస్తో గుమ్మంలోకి దూరబోయాడు.

"ఏమయ్యోయ్, లైనుంది! మేమంతా గొర్రెల్లా కనబడుతున్నామా?" అన్నారు లైన్లోంచి ఎవరో.

"బన్ను కోసం కాదండీ..."

"అందరూ అలాగే అంటారు."

అప్పుడు తైస్తో జన్మలో చేయని పని చేశాడు. ముసలమ్మ దగ్గరకి, మరీ దగ్గరకి జరిగి, "మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

లైన్లో మనిషికీ మనిషికీ మధ్య ఒక ఆవు పట్టేంత జాగా వదిలే జనం వాళ్లు. ముసలమ్మ హడలిపోయి ఒకడుగు వెనక్కి వేసింది. జాగా తగ్గేసరికి వెనకాయన వెనక్కి, ఆయన వెనకావిడ ఇంకా వెనక్కి. తైస్తో వదల్లేదు. "రాత్రి నిద్ర పట్టిందా? పిల్లలు బాగున్నారా? మీరు జామా, బాదమా?" ఒక్కో ప్రశ్నకి ఒక్కో అడుగు. లైను చెదరకుండా, ఎవరి వరస వారిదిగా, వెనక్కి నడిచే రైలుబండిలా రోడ్డు దాటి అవతలి గట్టెక్కింది.

పలక పడింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గుమ్మం ముందు చల్లిన కంకర ఎగిరి తైస్తో టోపీ మీద రాలింది.

"ఇక్కడ కర్ర పెట్టాల్సింది," అన్నాడు వెనకాయన.

ఐలి కర్ర పట్టుకుని బయటికొచ్చింది. ఆమె మొహం చేతికంటిన పిండి కంటే తెల్లగా ఉంది. కర్రను తనే గోడకి ఆనించింది. చూరుకి ఇంకా ముక్కలు మిగిలున్నాయి మరి. ఆ తర్వాత జనం లోపలికి రారని తెలుసు గనక బన్నుల పళ్లేలు తనే వెనక తలుపులోంచి, వీధి చుట్టూ తిరిగి అవతలి గట్టుకి మోసింది. అన్నీ చెల్లిపోయాయి.

చివరి బన్ను తైస్తో చేతిలో పెట్టింది. జాముది. ఆయన బాదం మనిషి. అయినా తిన్నాడు.

"నిజంగా ఆ ముసలమ్మ మోకాలి సంగతి అడిగావా?"

తైస్తో తల ఊపాడు.

"ఏమంది?"

తైస్తో మూతికంటిన మీగడ తుడుచుకున్నాడు. "తగ్గినట్టే. వెనక్కి నడిచి రోడ్డు దాటింది."