విప్పుడు మేస్త్రి విషయమై రేవు అధికారి గారికి విన్నపం

విప్పుడు మేస్త్రి అని పిలవబడే పడవ మోటార్ల మేస్త్రి, వయస్సు అరవై రెండు సంవత్సరాలు, నాకు ఇరవై ఏళ్లుగా పరిచితులు. వారికి దురలవాట్లేవీ లేవు, ఒక్కటి తప్ప. చక్కగా నడిచే యంత్రాన్ని చూసి ఊరుకోలేరు. "ఏదో శబ్దం" అంటారు, విప్పేస్తారు.

మా గోడ గడియారం, మా అమ్మాయి కుట్టుమిషను, దంతవైద్యుని కుర్చీ (అందులో మేస్త్రి తానే నోరు తెరుచుకుని కూర్చుని ఉండగానే) ఈ కారణంగానే ముక్కలయ్యాయి. నిద్రలో సైతం ఆయన చెయ్యి నట్లు వదులు చేస్తూనే ఉంటుందని ఆయన భార్య వాంగ్మూలం.

సదరు మేస్త్రి తన చెల్లెలి భర్త అయిన పడవాయన మోటారును నెలల తరబడి విప్పి ఉంచుకుని, అవతలి ఒడ్డుకు రాకపోకలు స్తంభింపజేసినందున షెడ్డు ఖాళీ చేయాలని తమరు తాఖీదు పంపారు. వాస్తవం మనవి చేస్తున్నాను.

అది పెట్రోలులో ఆయిలు కలిపి పోసే పాత మోటారు. రెండు సిలిండర్లూ అరిగిపోయి, పొగకే తప్ప ప్రయాణానికి పనికిరాని స్థితిలో ఉండేది. మేస్త్రి వాటిని లోపల తొలిపించి (బోరు చేయించి), పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేసి, నీళ్ల డ్రమ్ములో దించి నడిపారు. దివ్యంగా నడిచింది. ఆపాక, తానే స్టార్టు చేసి చూద్దామని పడవాయన ఉత్సాహంగా మోటారు లాగే తాడు అందుకోబోయాడు.

"ఆగు బావా! ఏదో శబ్దం."

"అది మోటారు బావా. శబ్దం చెయ్యకపోతే కదా భయపడాలి!"

మేస్త్రి అప్పటికే విప్పేశారు.

మరునాడు బిగించి, "ఇప్పుడు లాగు బావా" అన్నారు. పడవాయన లాగాడు. ఉత్త గాలి. మళ్లీ విప్పారు. ప్రతి ఉదయం ఇదే తంతు. చెల్లెలు తగువుకు వచ్చింది.

"అన్నయ్యా, మా ఆయన ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతున్నాడు. మోటారు ఇస్తావా, ఆయన్ని కూడా ఇక్కడే ఉంచుకుంటావా?"

"ఉంచెయ్యమ్మా. ఇద్దర్లోనూ ఏదో శబ్దం ఉంది."

నేను ఏకాంతంలో నిలదీయగా, మేస్త్రి జేబులోంచి ఆ మోటారు స్పార్కు ప్లగ్గు ఒకటి తీసి చూపారు.

"గట్టిగా అనకండి గురువుగారూ. సిలిండర్లు అరిగాయి గనక ఇన్నాళ్లూ తాడు దారంలా వచ్చింది. కొత్త బోరులో గాలి బిగిసి తాడు ఎదురు తంతుంది. బావ మెట్ల మీద పడి భుజం ఎముక అతికించుకుని ఎన్నాళ్లయిందని? 'నీ భుజం ఆగదు' అన్నామనుకోండి, ఆ పూటే పడవెక్కేస్తాడు. ప్లగ్గులు పీకేస్తే గాలి ఆ కంతల్లోంచి పోయి తాడు తేలిగ్గా వస్తుంది. మూత వేసేస్తే ఎవరు చూస్తారు? ముందు రెండూ తీసి లాగించా. ఇప్పుడు ఒకటి బిగించి, అంటుకోకుండా దాని తీగ ఊడదీసి లాగిస్తున్నా. భుజం మెల్లగా సాగాలి కదండీ."

నిన్న ఉదయం రెండు ప్లగ్గులూ బిగించి తీగలు తగిలించారు. పడవాయన ఒక్క గుంజు గుంజాడు. మోటారు అందుకుంది. ఆయన భుజం తడుముకోలేదు. మేస్త్రి మాత్రం తన భుజం తడుముకున్నారు.

"చూశావా బావా! మొదటి రోజే ఇచ్చుంటే ఇలాగే లాగేవాణ్ణి. నీకు చేతకాక ఇన్నాళ్లు..."

"అవును బావా, చేతకాలేదు."

కావున తాఖీదును రద్దు చేయవలసిందిగాను, ఈ సంగతి పడవాయనకు తెలియనీయవద్దనియు ప్రార్థిస్తున్నాను. మరొక్క మనవి: తమ కార్యాలయపు లాంచీని దయచేసి షెడ్డుకు దూరంగా కట్టించండి. నిన్న అది పోతుండగా మేస్త్రి చెవి రిక్కించడం నేను కళ్లారా చూశాను.