తాళాల గుత్తిలో కంప్యూటర్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ల లాప్‌టాప్‌కు జబ్బు చేస్తే పద్మనాభం దగ్గరికే తేవాలి. పద్నాలుగేళ్లుగా అదే రివాజు. ఆఫీసులో అతనొక కాంట్రాక్టరు. మెడలో వేలాడే బ్యాడ్జి రంగు కూడా వేరు. మీటింగుల్లో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, "టెస్టింగ్ వాళ్లు" అంటారంతే. శనివారం వస్తే మాత్రం అతను డాక్టరు. డైనింగ్ టేబుల్ మీద ఓపీ మొదలవుతుంది. అతని భార్య గిరిజ టీలు పెడుతుంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టు జనం సోఫాలో కూర్చుంటారు.

వైద్యం పెద్దగా ఏమీ ఉండదు. ఫైళ్లు దక్కితే దక్కాయి, లేకపోతే "పోయాయండీ, ఆశ వదులుకోండి" అని ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించడమే. ఎవరి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసినా, దానికి పేరు అడిగే గడిలో తన పేరు కొట్టి పంపడం అతని అలవాటు. ఆ గడిలో పదకొండు ఇంగ్లీషు అక్షరాలకు మించి పట్టవు. అతని పేరు సరిగ్గా పదకొండు. ఆ గడిని తనకోసమే కొలిచి చేశారని అతని నమ్మకం. ఊళ్లో సగం ఇళ్ల పెన్‌డ్రైవ్‌లు కంప్యూటర్‌కు పెట్టగానే పద్మనాభం అని చూపిస్తాయి.

అలాంటి ఊళ్లోకి త్రివేణి వచ్చింది. వరంగల్ పిల్ల. పక్క ఊళ్లో ఎమ్మెస్ పూర్తిచేసి, ఇక్కడ ఉద్యోగం వెతుక్కుంటూ పక్క బిల్డింగులో ఇంకో అమ్మాయితో కలిసి ఉంటోంది.

భాస్కర్, రష్మి దంపతుల ఇంట్లో, తలా ఒక వంట చేసి తెచ్చుకునే పాట్‌లక్‌కు అందరూ చేరిన రోజు మొదలైంది పద్మనాభం కడుపుమంట. రష్మి లాప్‌టాప్ ఆన్ కావడం మానేసి నెలయింది. అందులో వాళ్ల పాప మొదటి ఏడాది ఫొటోలన్నీ ఉన్నాయి. హార్డ్ డిస్క్ పోయిందని పద్మనాభం అంతకుముందే తేల్చేశాడు. పులిహోర తింటూ రష్మి ఆ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంటే, త్రివేణి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఒక్కసారి చూడనా ఆంటీ?"

"చూడ్డానికేముందమ్మా, నేను చూశాగా," అన్నాడు పద్మనాభం.

ఆ పిల్ల తన తాళాల గుత్తిలోంచి బొటనవేలంత పెన్‌డ్రైవ్ ఒకటి ఊడదీసి లాప్‌టాప్‌కు గుచ్చింది. ఆన్ చేస్తూ ఏదో మీట నొక్కింది. నిమిషం తిరక్కుండా తెర మీద తంగేడు పూల ఫొటో వచ్చింది. అది రష్మి తెర కాదు, త్రివేణి తెర.

"డిస్క్ మంచిగనే ఉంది అంకుల్. దాంట్ల విండోస్ ఖరాబైంది, అంతే. ఈ పెన్‌డ్రైవ్‌ల వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. లాప్‌టాప్ దీంతోని లేస్తది. అప్పుడు లోపలి డిస్క్ తెరిచి చూసుకోవచ్చు."

పాప బోర్లా పడ్డ ఫొటో తెర మీదికి వచ్చేసరికి రష్మి త్రివేణిని గట్టిగా వాటేసుకుంది. భాస్కర్ చప్పట్లు కొట్టాడు. పద్మనాభం ప్లేటులో పులిహోర అలాగే ఉండిపోయింది. అందరి ముందూ తల తీసేసినట్టయింది.

పెన్‌డ్రైవ్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ నడపొచ్చని అతనికి తెలియక కాదు. ఎప్పుడో విన్నాడు. తన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు కాబట్టి నేర్చుకునే అవసరం పడలేదు.

"నా లాప్‌టాప్ మీద కాఫీ ఒలికి ఎప్పుడో చచ్చిపోయింది ఆంటీ. నా కంప్యూటర్ మొత్తం ఈ పెన్‌డ్రైవే," అని త్రివేణి నవ్వుతూ చెప్తోంది. "రూమ్మేట్ లాప్‌టాప్‌కి పెట్టుకుని పని చేసుకుంటా. తీసేస్తే ఆమెది ఆమెకు, నాది నాకు. వచ్చే నెల ఇంటర్వ్యూ డెమో ఉంది, అది కూడా ఇందులనే చేస్తున్న. ఈ ఉద్యోగం కొట్టకపోతే నా వీసా గడువు అయిపోతది, ఇంటికే."

ఈ మాటలు పద్మనాభం కూడా విన్నాడు. ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాతి శనివారం డైనింగ్ టేబుల్ దగ్గరికి ఇద్దరే వచ్చారు. ఆపై శనివారం ఒక్కరూ రాలేదు. వాట్సాప్ గ్రూపులో "పద్మనాభం గారూ, ఖాళీగా ఉన్నారా?" అనే మెసేజ్ పోయి, "త్రివేణీ, ఫ్రీనా?" వచ్చింది. దాని కింద ఆ పిల్ల పెట్టే నవ్వు బొమ్మ చూస్తే అతనికి ఒళ్లు మండేది. కిటికీ బ్లైండ్స్ పక్కకు జరిపి, లాప్‌టాప్ సంచి తగిలించుకుని ఎవరెవరు పక్క బిల్డింగుకు పోతున్నారో లెక్కపెట్టేవాడు. లింక్డిన్‌లో ఆ పిల్ల పేజీ తెరిచి, ఏ కాలేజీ, ఎన్ని మార్కులు అని వెతికేవాడు. మార్కులు కూడా బాగానే ఉన్నాయి. అదింకో మంట.

"ఆ పిల్ల అంటే మీకెందుకండీ అంత ఇది?" అంది గిరిజ. "చక్కగా శనివారం తీరిక దొరికింది కదా!"

"నాకేం? నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. దాన్ని చూసి కుళ్లుకునేంత ఖర్మ నాకేం పట్టింది?" అన్నాడు. సరిగ్గా అదే పట్టింది.

నెల గడిచింది. ఒక గురువారం సాయంత్రం పై అంతస్తు సత్యం లాప్‌టాప్ పట్టుకుని తలుపు కొట్టాడు. పద్మనాభం ప్రాణం లేచివచ్చింది.

"ఫైళ్లన్నీ త్రివేణి తీసిచ్చేసిందండీ," అన్నాడు సత్యం. "విండోస్ ఎక్కించడం మాత్రం మీరే బాగా చేస్తారని మీ దగ్గరికి పంపింది."

అసలు పని ఆ పిల్ల చేసి, మిగిలిన చాకిరీ తన మొహాన కొట్టిందన్నమాట. పద్మనాభానికి అలాగే అర్థమయింది. మంచి మాట అయినా సరే, త్రివేణి నోటి నుంచి వస్తే అతనికి ఎంగిలి కూడులా ఉండేది. లాప్‌టాప్ తీసుకుని చూస్తే పక్కన ఆమె పెన్‌డ్రైవ్ గుచ్చి అలాగే ఉంది.

"అయ్యో, ఆ అమ్మాయిదండీ. మర్చిపోయింది. రేపొచ్చి తీసుకెళ్లి ఇస్తాను," అని సత్యం వెళ్లిపోయాడు.

ఇందులో అంత ఏముందో చూద్దామని పద్మనాభం దాన్ని తన కంప్యూటర్‌కు పెట్టాడు. చూడటానికే పెట్టాడు, అంతవరకు నిజం. వెంటనే తెర మీద ఒక గడి వచ్చింది: ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

తనకు చదవడం రాని డ్రైవ్‌లను చూసి విండోస్ ఎప్పుడూ అలాగే అడుగుతుంది. ఖాళీగా ఉందని అర్థం కాదు. అది పద్మనాభానికి తెలుసు. తర్వాత తనకు తను "అలవాటులో నొక్కేశాను" అని చెప్పుకున్నాడు. కానీ మౌస్ మీద వేలు నిమిషం పాటు ఆగింది. అలవాటైతే ఆగదు. తంగేడు పూలు, రష్మి వాటేసుకోవడం, భాస్కర్ చప్పట్లు అన్నీ గుర్తొచ్చాయి. వేలు పడింది. పేరు అడిగే గడి వస్తే చేతులు వాటంతట అవే ఏదో కొట్టాయి. అలవాటంటూ ఉంటే అది ఒక్కటే. పది సెకన్లలో పని అయిపోయింది.

కళ్లలో నిప్పులు పోసుకున్నవాడికి ఆ పది సెకన్లూ హాయిగా ఉండాలి. లేదు. అయినా మర్నాడు సత్యం వచ్చి అడిగితే, ఏమీ ఎరగనట్టు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

శనివారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. త్రివేణి. చంకలో రూమ్మేట్ లాప్‌టాప్, పిడికిట్లో పెన్‌డ్రైవ్, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అంకుల్, నా ఫైళ్లు పోయినయి," అంది. "సోమవారమే డెమో. ఆన్‌లైన్‌ల రెండు వారాల కిందటి కాపీ ఒక్కటే ఉంది. వెనక్కి తీసుకొద్దామా? నాకు చేతులు వణుకుతున్నయి, ఒక్కదాన్ని చేస్తే ఇంకేమన్న పాడు చేస్తా."

గిరిజ ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. త్రివేణి పెన్‌డ్రైవ్ గుచ్చి లాప్‌టాప్ ఆన్ చేసింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న రెండు భాగాల్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది చెడలేదు, లేచింది. కానీ తంగేడు పూలు లేవు, ఒట్టి నీలం తెర. ఆమె ఫైళ్లు దాచుకున్న భాగం ఖాళీ. ఎడమ పక్కన డ్రైవ్‌ల వరసలో ఆ ఖాళీ భాగం పేరు కనిపిస్తోంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పదకొండు.

పద్మనాభం చదివాడు. వెనక నిలబడ్డ గిరిజ కూడా చదివింది. ఆమె భర్త మొహంలోకి చూసి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పేరు త్రివేణి నిన్నే చూసి ఉంటుంది. చూసి కూడా ఇక్కడికే వచ్చింది.

"మొదలుపెడదామా అంకుల్?" అంది ఆమె, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మొదలుపెట్టారు. ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చి దాని మీద కొత్తగా సిస్టమ్ తయారుచేసుకున్నారు. దాంతో లాప్‌టాప్ లేపి, దెబ్బతిన్న డ్రైవ్ జోలికి పోకుండా ముందు దానికి పూర్తి నకలు తీశారు. పైపై ఫార్మాట్‌కు ఫైళ్ల జాబితాయే చెరుగుతుంది, ఫైళ్లు అడుగున ఉంటాయి కాబట్టి, తర్వాత ఆ నకలులో వాటి కోసం వెతుకులాట. ఆమె చెప్తుంటే అతను టైపు చేశాడు. తప్పు కొడితే ఆమె "అది కాదు అంకుల్" అనేది, పద్నాలుగేళ్ల డాక్టరు తల వంచుకుని చెరిపి మళ్లీ కొట్టేవాడు. మధ్యాహ్నం గిరిజ పప్పన్నం కలిపి ఆ పిల్ల చేతికిచ్చింది. భర్తను తిన్నారా అని అడగలేదు.

మూడు గంటలకు డెమో దొరికింది. కొన్ని ఫోల్డర్ల పేర్లు పోయాయి గానీ పని మొత్తం ఉంది. త్రివేణి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. పద్మనాభం ఎటు చూడాలో తెలియక పెన్‌డ్రైవ్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడైనా తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టలేదు. వెళ్లొస్తానని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగిన కాసేపటికి గ్రూపులో మెసేజ్ పడింది: "పద్మనాభం అంకుల్ పొద్దుటి నుంచి కూర్చుని నా ఫైళ్లన్నీ రికవర్ చేసిండ్రు. థాంక్యూ అంకుల్!" దాని కింద వరసగా దండాలు. మీరు దేవుడండీ అంది రష్మి. ఎంతైనా సీనియర్ సీనియరే అన్నాడు భాస్కర్. నెల రోజులుగా అతను ఆకలితో కాచుకున్న మాటలే అవన్నీ. ఒక్కటీ మింగుడుపడలేదు. ఆ పిల్ల చేతివిద్య మీద అసూయ ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. ఇప్పుడు ఆమె మనసు చూసి కుళ్లు పుట్టింది. తన దగ్గర అది లేదు, ఏ శనివారం కూర్చున్నా నేర్చుకోలేడు.

ఫోన్ చేతిలోకి తీసుకుని, రెండుసార్లు రాసి చెరిపి, మూడోసారి పంపాడు: "ఆ డ్రైవ్ ఫార్మాట్ చేసింది నేనే. పొరపాటున కాదు. ఆ అమ్మాయి పేరు నా కంటే ముందుకు పోతోందని చేశాను."

నూట నలభై మంది ఉన్న గ్రూపులో దండాలు ఆగిపోయాయి. గిరిజ వంటింట్లోంచి వచ్చి, ఫోన్‌లో చదివి, అన్నం కంచం తెచ్చి అతని ముందు పెట్టింది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. త్రివేణి.

"సోమవారం డెమో అయినంక వస్తా అంకుల్. ఇంకో స్పేర్ డ్రైవ్ తయారుచేద్దాం," అంది. "ఈసారి పేరు మాత్రం నేనే పెడతా."