నోరు తెరిచిన గోల్డ్‌ఫిష్

అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. గోదావరిఖని బస్టాండులో కూర్చున్నాను. ఒళ్లో మూత బిగించిన గాజుసీసా, అందులో నా గోల్డ్‌ఫిష్. అది నీళ్ల పైకొచ్చి అదేపనిగా నోరు తెరుస్తోంది.

"చూసినవా కాకా, రోజూ నాతోని ముచ్చట పెడ్తది," అని పక్కనున్న ముసలాయనకు కోతలు కోశాను.

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. మాటమాటకూ ఆయాసపడుతున్నాడు.

"ముచ్చట కాదు తమ్మీ, దానికి గాలి అందుతలేదు. నేను గూడ గిట్లనే నోరు తెరుస్త. పెద్ద తొట్టి కొను, గాలి మిషన్ పెట్టు." సీసా మూత తీశాడు.

ఆ సాయంత్రమే పెద్ద తొట్టి కొన్నాను. చేప ఇప్పటికీ హాయిగా తిరుగుతోంది.

పై రెండు వాక్యాలూ నా కల్పన. రేపు కొందాంలే అనుకున్నాను. తెల్లారేసరికి చేప వెల్లకిలా తేలింది.